యు.ఎస్.బి. తీగయు, పాఠపు ధ్వనియు



మన టేకల్ ప్రాంతపు ఇండ్లలో తెలుగు మాటకు కొదువ లేదు. వీధిలోని వ్రాతయు, కచేరీలోని వ్యవహారమును కన్నడమున జరుగుచున్నవి, అది న్యాయమే. అయితే పద్యమును పదము విరిచి, రాగముతో చదివి వినిపించు పెద్దలు అన్ని ఇండ్లలోను లేరు. ఆ లోటును నేడు కంప్యూటరునుండి వినిపించు పాఠము కొంత తీర్చుచున్నది. కనుక అది పిల్లల చెవికి ఎట్లు చేరుచున్నదనునది అల్పవిషయము కాదు.

కంప్యూటరును ధ్వనియంత్రముతో కలుపు యు.ఎస్.బి. తీగ ఖరీదైనదైనచో శబ్దము మెరుగగునా యని కొందరు అడుగుచున్నారు. వేల రూపాయల తీగలును అంగళ్లలో కలవు. చందా సొమ్ము మీది గనుక ప్రశ్న సమంజసమే.

కంప్యూటరులో పాట పాటగా నుండదు, అంకెలుగా నుండును. సి.డి. పద్ధతిలో ధ్వనిని సెకండునకు 44,100 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్ల సంఖ్యగా వ్రాయుదురు. కుడియెడమ ధ్వనులు రెండింటికిని కలిపి సెకండునకు సుమారు 14 లక్షల బిట్లు. 2000వ సంవత్సరమున వచ్చిన యు.ఎస్.బి. 2.0 మార్గము సెకండునకు 48 కోట్ల బిట్ల వేగము కలది. ఒక మూట రాగులకు గూడ్సుబండి కట్టినట్లున్నది గదా!

పాఠమును పెన్‌డ్రైవులోనికి ఎక్కించునపుడు ప్రతి కట్టను యంత్రము సరిచూచుకొనును. తప్పున్నచో మరల అడిగి తెప్పించుకొనును. కావున చవుకతీగతో ఎక్కించిన ప్రతికిని, ఖరీదైన తీగతో ఎక్కించిన ప్రతికిని భేదముండదు. పాటను అప్పటికప్పుడు వినిపించునపుడు పద్ధతి వేరు. అచట తప్పును గుర్తింపవచ్చును గాని, మరల అడుగుటకు వ్యవధి లేదు. అయినను అట్టి తప్పువలన మాధుర్యము రవంత తగ్గుట జరుగదు. టక్కుమను చప్పుడో, క్షణకాలపు మౌనమో వినబడును. అట్లు వినబడినచో తీగ చెడినదని మార్చివేయవలెను. పొడవు 5 మీటర్లు మించకుండిన చాలును.

అంకెలను మరల ధ్వనిగా మార్చుటలో కాలనియమము ముఖ్యము. మంచి యంత్రములలో కంప్యూటరు పంపిన వేళను అనుసరింపక, యంత్రము తన సొంత గడియారముతో తాళము వేసికొని, అంకెలను తనకు వలసిన వేగమున పంపుమని కంప్యూటరునకే చెప్పును. అట్టిచోట తీగకు తాళముతో పని లేదు.

ఇక తీగవలన నిజముగా వచ్చు చిక్కు ఒకటి కలదు. యు.ఎస్.బి. తీగలో అంకెలు పోవు దారితోపాటు 5 వోల్టుల విద్యుత్తును, భూమితీగయు పోవును. ల్యాప్‌టాప్ చార్జరు ఒక గోడకును, ఆంప్లిఫయరు మరియొక గోడకును తగిలించినపుడు, రెండు ఎర్తుల నడుమ స్వల్పవిద్యుత్తు ఈ భూమితీగ గుండ ప్రవహించి స్పీకరులో "హుం" అను మ్రోత పుట్టించును. మన విద్యుత్తు సెకండునకు 50 ఆవృత్తులది. ఆ మ్రోతయు దాని జాతిదే. సభలలో మనమందరము వినియున్నదే అది. చార్జరు తీసి, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి చూడుడు. మ్రోత ఆగినచో కారణము దొరికినట్లే. రెండింటిని ఒకే పలకకు తగిలించిన తరచుగా పోవును. పోనిచో నడుమ ఐసొలేటరు అను చిన్న పరికరము పెట్టవచ్చును. కొందరు మ్రోత పోవునని ప్లగ్గులోని ఎర్తు పిన్నును విరుతురు. పిల్లలుండుచోట అది ప్రాణాపాయము, ఎన్నడును చేయరాదు.

మన బిడ్డలకు కావలసినది స, శ, ష ల భేదము స్పష్టముగా వినబడుట. స-కారపు బలము చాలవరకు సెకండునకు 4,000 ఆవృత్తులకు పైననే యుండును. పాత టెలిఫోను మార్గము 3,400 వరకే మోసెడిది. అందుచేతనే అందులో స, ఫ లు ఒకటిగా తోచెడివి. ఫైలును మితిమీరి కుదించి, చిన్న స్పీకరుతో వినిపించినను ఇట్టి నష్టమే కలుగును. రాతిగోడల గదిలో ప్రతిధ్వని యొక అక్షరముపై మరియొక అక్షరమును పోగుచేయును. నా యెంచికలో సొమ్ము ముందు మంచి స్పీకరునకు, పిదప గోడలకు వ్రేలాడదీయు మందపు గుడ్డలకు పోవలెను. తీగకు మామూలు వెల చాలును.

నా మాటను ఊరక నమ్మవలదు. ధర తెలిసిన చెవి వేరుగా వినును; కావున ధర తెలియకుండ వినుడు. ఒకరు తెరవెనుక నాణెమెగురవైచి, బొమ్మ పడిన చవుకతీగ, బొరుసు పడిన ఖరీదైన తీగ తగిలింతురు. ఇట్లు పదిమారులు. వినువారు ఒకరితోనొకరు మాటలాడక చీటీలపై వ్రాయవలెను. ఊహకే అయిదు సరిపోవచ్చును. పదికి పదియు ఊహతో సరిపోవుట 1,024లో ఒకమారు మాత్రమే. అట్లు పదియు గుర్తించినవారుండినచో వారిచేత మరల పదిమారులు వ్రాయింతము. సభ ముగిసినపిమ్మట రెండు తీగలును ఈ బల్లమీదనే యుండును.