లలిత గారి వెనక నిలబడ్డ ఇల్లు



ఫరీదాబాద్ కార్ఖానాల ఊరు. ఇక్కడ ఇంజనీరింగ్ చదివి ఈ రోజు పట్టాలు అందుకుంటున్న అమ్మాయిలకు ఒక తెలుగావిడ గురించి చెప్పాలి. ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత. పదిహేనో ఏట పెళ్లయింది. పద్దెనిమిదో ఏట భర్త పోయాడు, ఒళ్లో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గారు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. అప్పటికి ఆడపిల్లలు అడుగుపెట్టని ఆ కాలేజీలో కూతురికి సీటు కావాలని పైవాళ్లను ఒప్పించారు. 1943లో ఆమె పట్టా పుచ్చుకున్నారు. మగవాళ్ల కోసమే అచ్చేసిన పత్రం అది. అందులో ‘అతడు’ అన్నది కొట్టేసి, చేత్తో ‘ఆమె’ అని దిద్ది ఇచ్చారు. తర్వాత కలకత్తాలో ఏఈఐ అనే కంపెనీలో చేరి భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ లైన్ల డిజైన్లలో పనిచేశారు. ఆ భాక్రా కరెంటే మన హర్యానాకూ వచ్చింది.

ఆమె తెలివిని అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆమె ఇంటివాళ్లు గుర్తొస్తారు. మొదట సిమ్లాలోనైనా, తర్వాత కలకత్తాలోనైనా సోదరుల కుటుంబం అండగా ఉన్నచోటే ఆమె ఉద్యోగం చూసుకున్నారు. పాపను చూసుకునే మనుషులు లేకపోతే అంత చదువూ ఇంట్లోనే ఉండిపోయేది.

ఈనాటికీ చిక్కు అక్కడే ఉంది. ‘పెళ్లయ్యాక ఉద్యోగం మానేస్తావా?’ అని ఇంటర్వ్యూలో అమ్మాయినే అడుగుతారు, పక్కన కూర్చున్న అబ్బాయిని అడగరు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్లను రాత్రి షిఫ్టుకు దూరం పెట్టింది. ఆ షిఫ్టుల్లో వచ్చే షాపు ఫ్లోరు అనుభవం లేనిదే ప్లాంటు మేనేజరు కుర్చీ దక్కడం కష్టం. రాత్రి షిఫ్టు నిబంధన తర్వాత సడలింది కానీ, రాత్రి పదింటికి ఇంటికి చేర్చే బండి, బిడ్డను చూసే మనిషి లేకపోతే ఆ సడలింపు కాగితం మీదే ఉంటుంది.

తల్లిదండ్రులకు నా విన్నపం: అమ్మాయికి దూరాన ఉద్యోగం వస్తే, సంబంధం చూసే ముందు ఆ ఊళ్లో ఇల్లు చూడండి. అబ్బాయిలూ, రేపు మీ భార్యకు బదిలీ వస్తే, ‘నువ్వు మానెయ్’ అనకండి. ముందు మీ ఆఫీసులో మీరూ ఆ ఊరికి బదిలీ అడగండి.