అమ్మకు అక్షరం వస్తేనే ఇంట్లో తెలుగు
(ఆలంగాయంలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బిడ్డల తెలుగు చదువు గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకొన్నాం. ఈనాడు వారి అమ్మానాన్నల చదువు గురించి, అవ్వాతాతల చదువు గురించి మాట్లాడదలచాను.

ఈ ఆలంగాయం పక్కనా, అటు గుడియాత్తం, వేలూరు పల్లెల్లోనూ బీడీలు చుట్టి బతికే ఇళ్ళు మీకు తెలుసు. ఆకు ఎంత ఇచ్చిందీ, బీడీలు ఎన్ని తీసుకొన్నదీ, పనికిరావని ఎన్ని పక్కన పెట్టిందీ లెక్కపుస్తకంలో రాస్తారు. చదవలేని తల్లి ఆ రాతను నమ్మవలసిందే. సాయంత్రం బడి నుండి వచ్చిన బిడ్డ ఆ తమిళ రాతను చదివి, తల్లికి తెలుగులో చెబుతుంది. తల్లికి ఏ అక్షరమూ రాదు. బిడ్డకు తమిళ అక్షరం వచ్చు, తాను మాట్లాడే తెలుగుకు అక్షరం రాదు. ఒకే ఇంట్లో రెండు రకాల నిరక్షరాస్యత ఉంది. ప్రభుత్వం లెక్కకు వచ్చేది మొదటిది మాత్రమే.

ఎందుకంటే, ఏడేళ్ళు నిండి, ఏ భాషలోనైనా సరే అర్థం చేసుకొని చదవను, రాయను వస్తే జనాభా లెక్కల్లో వారు అక్షరాస్యులే. ఆ నిర్వచనంలో తప్పు లేదు. కానీ 2011 లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 42 లక్షల పైచిలుకు. వారిలో తెలుగు చదవగలవారు ఎందరన్న ప్రశ్నను ఆ లెక్క అడగనే లేదు.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించమంటుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ళ వారికి వర్తిస్తుంది. రెండూ బిడ్డలకే. బడి వయసు దాటినవారికి చదువు హక్కుగా లేదు, పథకంగానే ఉంది. హక్కయితే అడిగి తీసుకోవచ్చు. పథకమయితే ఇచ్చినన్నాళ్ళే.

ఆ పథకాల చరిత్ర పొడవైనదే. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం వచ్చింది. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్, 2009లో సాక్షర భారత్ వచ్చాయి. సాక్షర భారత్ 2018 మార్చిలో ముగిసింది. 2022 నుండి 2027 వరకు అయిదేళ్ళకు నవభారత అక్షరాస్యతా కార్యక్రమాన్ని ఆమోదించారు. దానికి పెట్టిన మొత్తం 1,037.90 కోట్ల రూపాయలు. అందులో కేంద్రం వాటా 700 కోట్లు, మిగిలినది రాష్ట్రాలది. 15 ఏళ్ళు దాటిన 5 కోట్ల మందికి చదువు చెప్పాలని లక్ష్యం. భాగించి చూడండి: తలకు సుమారు 207 రూపాయలు. చదువు చెప్పేవారు జీతం లేని స్వచ్ఛంద సేవకులు. అడగకపోతే ఇంత చిన్న మొత్తంలో నుండి తెలుగు వాచకానికి ఒక్క రూపాయి కూడా రాదు.

సొంత నుడిలో అక్షరం వస్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లా చూపించింది. 1990ల మొదట్లో అక్కడ జరిగిన అక్షరాస్యతా ఉద్యమంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది. ఊళ్ళో ఆడవారంతా కలిసి సారా దుకాణం మూయించిన కథ అది. దూబగుంట మహిళలు ఆ కథను తమ ఊరి కథగా చదువుకొన్నారు. వారు లేవదీసిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. అదే కాలంలో ఇక్కడి తమిళ సోదరీమణులు పుదుక్కోట్టైలో ‘అరివొళి ఇయక్కం’ ద్వారా అక్షరంతో పాటు సైకిలు తొక్కడం కూడా నేర్చుకొన్నారు. వాళ్ళ నుడి వాళ్ళకు ఇచ్చిన బలమే మన నుడి మనకూ ఇవ్వాలని కోరుతున్నాం. తమిళం వద్దని ఎవ్వరమూ అనడం లేదు. బస్సు బోర్డుకూ, రేషను కార్డుకూ తమిళం కావాలి. అయితే చెవికి తెలిసిన మాటతో మొదలుపెడితే అక్షరం త్వరగా పట్టుబడుతుంది. ఒక లిపి వచ్చినవారికి రెండవ లిపి అంత కష్టం కాదు.

అమెరికాలో 1998లోనే ‘వయోజన విద్య, కుటుంబ అక్షరాస్యత’ పేరిట చట్టం చేశారు, 2014లో దానిని కొత్త రూపంలో తెచ్చారు. అది ప్రధానంగా ఇంగ్లీషు చదువుకే. అయినా అందులో మనం గ్రహించవలసిన విషయం ఒకటుంది. తల్లిదండ్రులు చదవడం, బిడ్డతో కలిసి చదవడం, ఈ రెంటినీ ఒకే పనిగా చూసి నిధులివ్వవచ్చునని ఆ చట్టం ఒప్పుకొన్నది. మన దేశంలో ఈ రెండూ వేరు వేరు పద్దులు.

కనుక మనం చేయవలసినవి మూడు. మొదటిది, ఏ అక్షరమూ రాని పెద్దల పేర్లు వీధివీధికీ రాయండి. ఈ కార్యక్రమంలో సర్వే జరిపేది బడి ద్వారానే. ఆ జాబితాను బడికిచ్చి, తెలుగువారికి తెలుగు వాచకం అడగండి. అలాంటి వాచకాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఉన్నవే, కొత్తగా రాయించనక్కరలేదు. రెండవది, తమిళం చదవగలిగి తెలుగు చదవలేనివారికి ఏ పథకమూ లేదు. వారికి మనమే వారానికి రెండు సాయంత్రాలు కేటాయించాలి. తల్లీ బిడ్డా ఒకే చాప మీద కూర్చోవాలి. మూడవది, ఇలాంటి కేంద్రాలు నిలదొక్కుకొని విద్యాసంస్థలైతే సాయం అడగడానికి సంకోచించవద్దు. అల్పసంఖ్యాకులు నడుపుతున్నారన్న కారణంతో సాయంలో భేదం చూపరాదని 30వ అధికరణం రెండవ ఖండం చెబుతున్నది.

చివరగా ఒక మాట. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు అర్జీ పెట్టుకొనే హక్కు 350వ అధికరణం మనకిచ్చింది. ఈ కోరికను తెలుగులోనే రాద్దాం. మొదటి అర్జీ మీద కొన్ని వేలిముద్రలు ఉంటాయి, అందుకు సిగ్గుపడనక్కరలేదు. ఏడాది తిరిగి రెండవ అర్జీ పెట్టే నాటికి ఆ వేలిముద్రల చోట సంతకాలు ఉండాలి. ఆ అర్జీని చదివి వినిపించవలసింది నేను కాదు. మీలో ఒక అమ్మ లేచి చదవాలి.