చేతిలోని ఫోను – సాక్ష్యపు బాధ్యత



అల్లాహ్‌ను స్తుతిస్తూ, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్)పై దరూద్ పంపుతూ నేటి ఖుత్బాను ఆరంభిస్తున్నాము.

అల్లూరి సీతారామరాజు జిల్లా జి.మాడుగుల మన్యంలో బాట లేని గూడేలు ఉన్నాయి. అక్కడ నొప్పులు మొదలైన గర్భిణిని కర్రకు కట్టిన దుప్పటిలో పడుకోబెట్టి, అంబులెన్సు ఆగే చోటి వరకు భుజాలపై మోయవలసి వస్తున్నది. ఇదే డోలీ. దశాబ్దాలపాటు ఈ దుఃఖం కొండ దిగలేదు. గిరిజన యువకులు ఫోనులో తీసి పంపిన దృశ్యాలు దానిని రాష్ట్రమంతటికీ చూపించాయి. 2025 ఏప్రిల్‌లో అదే జిల్లాలోని డుంబ్రిగూడ మండలం పెదపాడులో ప్రభుత్వం ‘అడవి తల్లి బాట’ రహదారుల పనులకు శ్రీకారం చుట్టినప్పుడు, డోలీ మోతలు లేకుండా చేయడమే తన లక్ష్యమని చెప్పింది.

బాధితుని గోడును పాలకుల చెవిన వేయడం సాక్ష్యం పలకడమే. సాక్ష్యాన్ని దాచేవాని హృదయం పాపభూయిష్ఠమని అల్ బఖరా సూరా 283వ వచనం హెచ్చరిస్తున్నది. ఆ గూడెం మనది కాదు, ఆ తల్లి మన మతస్థురాలు కాదు అని మౌనం వహించడం విశ్వాసికి తగదు.

అయితే ఇదే ఫోను ప్రాణం కూడా తీసింది. 2018 మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వాట్సాప్ వదంతిని నమ్మిన మూక ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని కొట్టి చంపింది. ఆ జులైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. వార్తను విచారించిన తరువాతే నమ్మాలన్న హద్దును అల్ హుజురాత్ సూరా 6వ వచనం పద్నాలుగు శతాబ్దాల క్రితమే విధించింది.

సోదరులారా! సాక్షికి మూడు బాధ్యతలున్నాయని మేము మనవి చేస్తున్నాము. మొదటిది: ఏ ఊరు, ఏ రోజు అన్నది తేల్చుకోకుండా ఏ దృశ్యాన్నీ ముందుకు పంపకండి. రెండవది: బాట లేమిని చూపండి, ప్రసవవేదనలో ఉన్న స్త్రీ ముఖాన్ని చూపకండి. ఆమె గౌరవం మన వద్ద అమానతు. మూడవది: వీడియో పంపడంతో పని ముగిసిందనుకోకండి. పాడేరు ఐటీడీఏ కార్యాలయంలో అర్జీ ఇవ్వండి, రశీదు తీసుకోండి, బాట పడే వరకు అడుగుతూ ఉండండి. లక్షమంది చూచి కన్నీరు పెట్టినా, ఆ గూడేనికి దారి పడనిదే ఆ తల్లికి ఒరిగేదేమీ లేదు.

అల్లాహ్ మన నాలుకలను, మన వేళ్లను సత్యానికి సాక్షులుగా నిలుపుగాక! ఆమీన్.