ఆమ్లవర్షము – రాయి, గచ్చు, నేల



షాబాదు బండలు పరచిన ఇంటిలో నిమ్మరసమో చింతపండు పులుసో ఒలికినప్పుడు వెంటనే తుడువకున్నచో అచ్చట నునుపు పోయి మచ్చ నిలుచును. ఇది గృహిణులందరు ఎరిగినదే. తాండూరు బండకును అదే గతి. రెండును సున్నపురాతి జాతివి. పులుపు తగిలిన సున్నపురాయి కరగును. ఆ పులుపు ఆకాశము నుండియే కురిసినచో దానిని ఆమ్లవర్షమందురు.

కల్మషము లేని వానలోను కొంత పులుపుండును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు నీట కరగుటయే అందుకు కారణము. పి.హెచ్. కొలతలో 7 తటస్థము; అట్టి వాన సుమారు 5.6 చూపును. ఒక అంకె తగ్గుట యనగా పులుపు పదిరెట్లు హెచ్చుట. బొగ్గు, నూనెలు మండగా వెలువడు గంధకపు వాయువు, నత్రజని వాయువులు మేఘజలముతో కలిసి గంధకామ్లముగను నత్రికామ్లముగను మారును. 1872లో తన గ్రంథమున ఈ పేరును వాడిన రాబర్ట్ ఆంగస్ స్మిత్ అను రసాయనజ్ఞునకు మాంచెస్టరు మిల్లుల పొగయే పాఠశాల. స్వీడన్ సరస్సులలో చేపలు నశించుటకు పరదేశముల పొగ కారణమని 1967లో స్వాంటే ఓడేన్ చాటినాడు.

బుగ్గారమునకు తూర్పున రామగుండమున్నది. 1983 నుండి అచ్చట ఎన్.టి.పి.సి. సింగరేణి బొగ్గుతో విద్యుత్తు తీయుచున్నది. ఇక ఈ ప్రాంతపు గుళ్లు కరగిపోవునా యను శంక కలుగవచ్చును. అంత భయము వలదు. ఈ బొగ్గులో గంధకము స్వల్పము. పైగా గాలిలో తేలు మట్టిధూళిలోని సున్నపు అంశము వాన పులుపును చాలవరకు విరిచివేయును. ఎండకాలమున కన్నులలో పడి విసిగించు దుమ్మే కాపాడుచున్నదన్నమాట! నల్లరేగడి తన సున్నముతో తానే విరుగుడు చేసికొనును. చల్కనేలకు ఆ బలము తక్కువ. గ్రానైటు, నల్లరాయి సులభముగా లొంగవు.

లొంగునది గచ్చు. 1591 నాటి చార్మినారులో రాతికంటె సున్నపు గచ్చుతో తీర్చిన పనితనమే సుకుమారమైనది. గంధకామ్లము సున్నమును జిప్సముగా మార్చును. వాన తగిలినచోట జిప్సము కొట్టుకొనిపోవును. తగులనిచోట మసిని పట్టుకొని నల్లని పెచ్చుగా నిలిచి, ఊడునప్పుడు పూవులను, లతలను తనతో రాల్చును. పల్లెలలోని పాత గడీలు, గచ్చు గోపురములు ఈ కోవలోనివే. తాజమహలు పాలరాయియు సున్నపు జాతిదే గనుక, 1996 డిసెంబరు 30న సుప్రీంకోర్టు ఆ పరిసరముల కర్మాగారములు బొగ్గును విడిచి సహజవాయువును వాడవలెనని, లేనిచో తరలిపోవలెనని ఆజ్ఞాపించినది.

దుమ్ము రక్షణను నమ్మి ఊరకుండరాదు. విశాఖపట్నమున 1987 నుండి 2021 వరకు సేకరించిన వాననీటిలో పులుపు పెరుగుచు వచ్చినది. 2015లో థర్మల్ కేంద్రముల గంధకపు పొగకు కేంద్రప్రభుత్వము హద్దులు పెట్టినది. గడువులు పలుమార్లు పొడిగింపబడి, 2025 జూలైలో అధికభాగము కేంద్రములకు ఆ నిబంధన సడలింపబడినది. బొగ్గులో గంధకము తక్కువయనుట అందుకు చెప్పిన కారణములలో ఒకటి. శాతము తక్కువే కావచ్చును. కాలు బొగ్గు తక్కువ కాదు గదా!

మనుష్యులు స్వయముగా కురిపించు ఆమ్లవర్షము మరియొకటి కలదు. పండుగ వచ్చెనని సీసాలతో ఆసిడు తెచ్చి గుడి నేలపై, గోడలపై పోయుదురు. వాన ఏండ్లతరబడి చేయలేని నష్టమును అది ఒక్క పూటలో చేయును. మసి పట్టినచోట మంచినీరు, మెత్తని కుంచె చాలును. గచ్చు రాలినచోట సిమెంటు మెత్తక, పనివాని చేత సున్నపు గచ్చునే వేయింపవలెను.