క్లోను ఒక్కటే, నేలలు వేరు



ఈనాడు జామాయిల్ క్లోను మొక్కల గురించి చెప్పుకుందాం. గింజతో పెంచిన తోటలో ఏ రెండు చెట్లూ ఒకలాగ ఉండవు. వేర్వేరు చెట్ల పుప్పొడి కలవడమే కారణం. మేలైన చెట్టును కొట్టి, మోడునుంచి వచ్చిన పిలకలను కత్తిరించి వేళ్లు పుట్టిస్తే, ఆ మొక్కలన్నిటికీ తల్లిచెట్టు గుణమే వస్తుంది. చెరకు ముచ్చె నాటినట్లే నన్నమాట. భద్రాచలం కాగితపు మిల్లువారు 1989లో ఈ పని మొదలుపెట్టారు.

అయితే గుణం ఒక్కటైనా పెరుగుదల అన్నిచోట్లా ఒక్కటిగా ఉండదు. ఎర్రనేలలో నిటారుగా సాగిన క్లోనే సున్నపు నేలలో ఆకు పసుపెక్కి గిడసబారవచ్చు. మొక్క గుణం మారలేదు. ఆ నేలలో ఇనుము మొక్కకు సరిగా అందదు. కనుక పొరుగువారి తోట చూసి క్లోను నంబరు రాసుకుంటే చాలదు. వారి నేల మీ నేలలాంటిదేనా? మూడడుగుల గుంట తవ్వి సున్నపు పొర, చౌడు, నీటి ఊట ఉన్నాయేమో చూడండి. మట్టి పరీక్ష చేయించి, అటువంటి నేలలో నిలిచిన క్లోనునే నర్సరీవారిని అడగండి.

మరొక సంగతి. పొలమంతా ఒక్క క్లోనే వేయకండి. 2001 ప్రాంతంలో మన దేశంలో కనిపించిన ఒక చిన్న పురుగు జామాయిల్ లేత ఆకులమీద, కాడలమీద బుడిపెలు పుట్టిస్తుంది. ఒక క్లోను దానికి లొంగేదైతే ఆ క్లోను చెట్లన్నీ లొంగుతాయి. పొలాన్ని రెండు మూడు భాగాలు చేసి, భాగానికొక క్లోను నాటండి. ఏటా కొన్ని చెట్ల చుట్టుకొలత రాసుకోండి. కోతకు నాలుగేళ్లు పట్టే పంట. నాటేముందు నాలుగు రోజులు నేలను చూడటం దండుగ కాదు.