ప్రమాదము – ఛాయాగ్రాహకుని చూపు

రహదారి ప్రమాదములలో మరణించినవారి స్మృత్యర్థము ప్రతి సంవత్సరము నవంబరు మూడవ ఆదివారమును పెక్కు దేశములవారు పాటించుచున్నారు. బ్రిటనులో బాధిత కుటుంబములవారి సంఘమొకటి 1993లో ప్రారంభించిన ఈ దినమును ఐక్యరాజ్యసమితి 2005లో గుర్తించినది. ఇట్టి సందర్భములకై స్మృతిచిత్రములు తయారగుచున్నవి. మన ఊళ్ళలోను, పెండ్లి వీడియోలు తీయువారినే పిలిచి నాలుగు నిమిషముల చిత్రమొకటి తీసియిమ్మని అడుగుట కలదు. ఆ పనిలో కెమెరా పట్టినవాడు తనదిగా చేయునదేమున్నది? కంటి కెదురైనది తీయుటయే గదా యని కొందరనుకొందురు. అది సరికాదని మా అభిప్రాయము.

1959లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున ‘సిగ్నల్ 30’ అను చిత్రము తయారైనది. ప్రాణహాని జరిగిన ప్రమాదమును తెలుపుటకు అచ్చటి రహదారి పోలీసులు వాడిన సంకేతమే దాని పేరు. నిజముగా ప్రమాదములు జరిగిన చోట్లకు పోయి, నలిగిన కార్లను, నెత్తుటిని, శవములను ఉన్నవి ఉన్నట్లు తీసిరి. కారు నడుప నేర్చుకొను హైస్కూలు పిల్లలకు దానిని ఏండ్ల తరబడి చూపిరి. తీసినవారి సదుద్దేశమును మేము శంకింపము. కాని చూచువాడు భయపడి కన్నులు మూసికొన్నపుడు ఆ కంటికి ఏమి నేర్పగలము? పైగా, నన్ను తీయవచ్చునని చెప్పుటకు గాని, వద్దనుటకు గాని శవమునకు నోరు లేదు.

2013లో జర్మనీ దేశపు దర్శకుడు వెర్నర్ హెర్‌జోగ్ మరియొక త్రోవ త్రొక్కెను. వాహనము నడుపుచు ఫోనులో సందేశములు పంపుట వలన కలుగు అనర్థముపై ముప్పది సెకండ్ల ప్రకటనలు తీసియిమ్మని ఎ.టి. అండ్ టి. అను టెలిఫోను కంపెనీ ఆయనను కోరినది. ఆ కొలతలో ఈ దుఃఖము ఇమడదని తలచి, ఆయన వాటితోపాటు 35 నిమిషముల చిత్రమును గూడ తీసెను. దాని పేరు ‘ఫ్రమ్ వన్ సెకండ్ టు ది నెక్స్ట్’. అందులో రక్తపాతము లేదు. మొదట ఒక యువతి వీధి ప్రక్కన చేయి చాచి నిలిచియుండును. ఆ చేతిలో ఏమియు లేదు. తమ్ముని చేయి పట్టుకొని నడచుచుండగా కారు వచ్చి వానిని ఎగురగొట్టినది. పిల్లవాడు బ్రదికెను గాని అవయవములు చచ్చుపడినవి. ఇన్ని మాటలు మేము చెప్పవలసివచ్చినది. అచ్చట వట్టి చేయి చెప్పినది. కెమెరావాని సృజన యనగా ఇదియే.

మరియొక భాగములో నేరము చేసినవాడే మాటలాడును. ఇండియానా రాష్ట్రమున ఆమిష్ మతస్థుల గుఱ్ఱపు బండిని అతని వాహనము ఢీకొనగా ముగ్గురు పిల్లలు మరణించిరి. ఆ క్షణమున అతడు భార్యకు ప్రేమసందేశము పంపుచుండెను. బిడ్డలను పోగొట్టుకొన్న తండ్రి తనను క్షమించి వ్రాసిన ఉత్తరమును గూర్చి అతడు చెప్పును. అతనిని దుష్టునిగా చూపుట సులభము. కాని చూచువారందరు “నేనట్టివాడను కాను” అని తప్పించుకొందురు. కెమెరా అతని ముఖమును ఓపికతో చూచినందున ఆ దారి మూసుకొనినది.

మా రేడియోవారికి ఈ మౌనము దుర్లభము. పది సెకండ్లు ధ్వని ఆగినచో యంత్రము చెడినదని శ్రోతలు మీట త్రిప్పుదురు. దృశ్యకారునికి ఆ భాగ్యమున్నను, మనవారు దానిని వయొలిన్ విషాదరాగముతోను, వెలుగుచున్న క్రొవ్వొత్తితోను పూడ్చివేయుట చూచి చింత కలుగును.

2022లో మన దేశమున రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. సగటున రోజునకు 460 మందికి పైగా. ఈ అంకెను తెరపై వేయవచ్చును గాని, అది కంట తడి పెట్టించదు. గడప ప్రక్కన ఎవరును తీయని చెప్పుల జత, వసారాలో స్కూటరు నిలుపు చోట మిగిలిన నూనె మరక, తీగపై ఆరవేసి మరచిన బడి చొక్కా – ఛాయాగ్రాహకుడు వెదుకవలసినవి ఇట్టివి. వీటికై ఆ ఇంట ఒక పూట ఊరక కూర్చుండవలెను. కూలి కుదుర్చుకొనునపుడు ఆ పూటను గూడ లెక్కించుట న్యాయము.

ఈనాడు వీధి మలుపున అమర్చిన కెమెరాలో ప్రమాద దృశ్యము సైతము దొరకుచున్నది. దానిని చేర్చుమని నిర్వాహకులు తొందరపెట్టుదురు. చేర్చరాదనియే మేమందుము. బిడ్డ కడపటి క్షణమును పదిమందిలో తల్లి చూడవలసివచ్చుట కంటె క్రూరమేమున్నది? చిత్రము పూర్తియైన వెంటనే మొదట ఆ కుటుంబమునకు చూపి, వారు వలదన్న ముక్కను మారుమాటాడక తీసివేయవలెను.

చివర రెండు పంక్తులకు చోటున్నచో ఒక సంగతి వ్రాయవచ్చును. గాయపడినవారిని సద్బుద్ధితో ఆదుకొన్నవారికి 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము రక్షణ కల్పించినది. సాక్ష్యమిమ్మని వారిని నిర్బంధింపరాదు. కేసు భయముచే దూరముగా నిలుచువారికి ఇది ఇంకను చేరవలసియున్నది.