అరువు సేనకు వెల

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన వారాసిగూడకు దాపున నున్న సికింద్రాబాదు, 1806లో నిజాము సికందర్ జా పేర ఆంగ్లేయ సేనకు దండు బస్తీగా వెలసినది. పరాయి సేన ఇచ్చట ఏల విడిసినది? దీనికి సమాధానము సముద్రముల కావల, ఇంగ్లాండు ఫ్రాన్సుల వైరములో నున్నది.

1753లో సలాబత్ జంగు తనకు అండగా నిలిచిన ఫ్రెంచి సేనాని బుస్సీకి, సేన జీతముల నిమిత్తము ఉత్తర సర్కారుల నొసగెను. యూరపులో సప్తవర్ష సంగ్రామము చెలరేగగా ఆ పోరు మన తీరమునకును ప్రాకినది. 1758లో చందుర్తి యొద్ద విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు ఆంగ్లేయులతో కూడి ఫ్రెంచివారి నోడించెను. మరుసటి యేట మచిలీపట్టణము ఆంగ్లేయుల వశమయ్యెను. వెంటనే సలాబత్ జంగు వారితో సంధి చేసికొనెను. నిన్నటి మిత్రులు నేడు పరాయివారైరి.

1795లో ఖర్దా యొద్ద మరాఠాలతో యుద్ధము వచ్చినపుడు ఆంగ్లేయులు తటస్థులై యూరకుండిరి. ఓడిన నిజాము అలీఖాను ఫ్రెంచి సేనాని రేమండు దళమును సుమారు 14,000 వరకు పెంచెను. ఫ్రెంచివారు టిప్పుతో కలియుదురని శంకించిన వెల్లస్లీ, 1798 సెప్టెంబరు 1న నిజాముతో సైన్య సహకార సంధి కుదిర్చెను. అక్టోబరులో ఫ్రెంచి దళము రద్దయినది. కంపెనీ సేనకు ఏటా సుమారు 24 లక్షల రూపాయలు చెల్లింపవలసి వచ్చినది.

1800లో ఆ వ్యయమునకు బదులుగా, మైసూరు యుద్ధములలో లభించిన బళ్లారి, కడప సీమలను నిజాము కంపెనీకి వదలుకొనెను. అవియే దత్తమండలములు, 1928 నంద్యాల సభలో రాయలసీమ యను పేరు పొందినవి. ఏలిక మారుటకు సమ్మతియా యని అచ్చటి రైతు నెవ్వరును అడిగినవారు లేరు.

నిజాము, మరాఠాలు, మైసూరువారు ఒకరి నొకరు నమ్మకపోవుటయే దీనికి మూలము. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినదను సామెత మన పెద్దలు ఊరక చెప్పలేదు. స్వతంత్ర భారతము 1961లో బెల్‌గ్రేడు అలీన దేశముల సభలో పాల్గొనుటలో ఇట్టి అనుభవముల నీడ కలదు.

నేడును అమెరికా, చైనాల పోటీ నడుమ చిన్న దేశములు అండ వెదకుచున్నవి. అండ కోరుట తప్పు కాదు. కాని పత్రికలో అట్టి ఒడంబడిక వార్త కనబడినపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు: సేన ఎవరిది? వ్యయ మెవరిది? వలదన్న నాడు దానిని పంపివేయు శక్తి ఎవరికి కలదు? ఈ ప్రశ్నలు వేయగల పాఠకులు గల గ్రామమే గ్రంథాలయమునకు నిజమైన రజతోత్సవము.